పెళ్లిపందిట్లోనూ నేనే... పక్షుల చెరువు గట్టునా నేనే!

"మీరు పెళ్లిళ్లకు తీస్తారా, పిట్టలకు తీస్తారా?" అని మొన్న ఒకాయన మా స్టూడియో మెట్ల మీదే నిలబడి అడిగాడు. రెండింటికీ తీస్తానన్నాను. "అయితే రేటు ఒకటేనా?" అన్నాడు. పిట్టలు డబ్బులివ్వవు గదా, వాటి వాటా కూడా పెళ్లివారే కట్టాలి అన్నాను. ఆయన నవ్వి, అడ్వాన్సు ఇచ్చి వెళ్లాడు. నేను మాత్రం నవ్వుకి అనలేదు. నిజమే చెప్పాను.

మాది సూళ్లూరుపేట. పుట్టిందీ మెట్టిందీ నెల్లూరు జిల్లాలోనే. 2022 ఏప్రిల్లో మా ఊరిని తిరుపతి జిల్లాలో కలిపారు గానీ, నోరు తిరగాలి గదా, ఇప్పటికీ ఎవరన్నా అడిగితే నెల్లూరు జిల్లా అనే వస్తుంది. ఊరికి ఒకపక్క కాళంగి నది ఒడ్డున చెంగాళమ్మ గుడి. పగలూ రాత్రీ తలుపులు వెయ్యని గుడి అది. ఇంకోపక్క పులికాట్ సరస్సు. సరస్సు మధ్యలోంచే శ్రీహరికోటకు రోడ్డు. ఇటు దొరవారిసత్రం దగ్గర నేలపట్టు పక్షుల చెరువు. ఇన్ని పెట్టుకుని ఈ ఊళ్లో కెమెరా పట్టుకున్న మనిషి పెళ్లిళ్లతోనే ఎట్లా ఆగుతుంది చెప్పండి?

1996లో పెళ్లయి వచ్చినప్పుడు మా ఆయనకు బజారువీధిలో చిన్న స్టూడియో ఉండేది. వెనక గదిలో ఎర్రబల్బు, తొట్లలో మందునీళ్లు. మధ్యాహ్నం పూట అన్నం తెచ్చిచ్చి అక్కడే కూర్చునేదాన్ని. ఊరికే కూర్చోవడమెందుకని నెగెటివ్‌లకు పెన్సిల్‌తో టచింగ్ చెయ్యడం నేర్పించారు. మొహం మీద మచ్చలు మాయం చెయ్యడం అప్పట్లో నా పని. పెళ్లిచూపులకు పంపే ఫొటోలన్నీ నా చేతి మీదుగానే పోయేవి. ఎంతమంది మొటిమలు దాచానో లెక్కలేదు!

2011లో గుండెపోటుతో ఆయన పోయారు. మా అమ్మాయికి అప్పుడు పదేళ్లు. స్టూడియో అద్దె, డిజిటల్ కెమెరా కోసం చేసిన అప్పు, అత్తగారి మందులు. కెమెరాలు అమ్మేసి కుట్టుమిషను కొనుక్కోమని చుట్టాలు సలహా ఇచ్చారు. అమ్మితే ఎంతొస్తుందని మా అత్తే లెక్క వేసింది. వేసి, "ఆ డబ్బులు ఆర్నెల్లు తింటాం. ఆ తర్వాత? నీకు చేతనయింది నువ్వు చెయ్యి మ్మే" అంది. ఆవిడకు చదువు లేదు. లెక్క మాత్రం తప్పు పోదు.

ఇక ఏడాది సంగతికి వస్తాను. నా ఏడాది జనవరిలో మొదలవదు, అక్టోబరులో మొదలవుతుంది. మా వైపు వానలు ఈశాన్య రుతుపవనాలవే. 2024 అక్టోబరులో వాయుగుండం చెన్నైకి ఉత్తరంగా తీరం దాటినప్పుడు ఇక్కడ రెండు రోజులు బయట అడుగు పెట్టలేకపోయాం. స్టూడియోలోకి నీళ్లొస్తాయేమోనని హార్డ్ డిస్కులన్నీ అటక మీద పెట్టి కూర్చున్నాను. పదమూడేళ్ల ఊరి పెళ్లిళ్లు వాటిలో ఉన్నాయి మరి. కానీ ఆ వానలు పడాల్సిందే. చెరువు నిండితేనే నేలపట్టుకు గూడబాతులొస్తాయి. నీళ్లలో నిలబడి పెరిగే నీటికడప చెట్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. చెరువులో నీళ్లు లేకపోతే అవి వచ్చినా నిలవవు.

నేలపట్టును 1976లో పక్షుల రక్షణ కేంద్రంగా ప్రకటించారు. అయితే సర్కారు ప్రకటించకముందు నుంచే అక్కడి ఊళ్లవాళ్లు వాటిని కాపాడుకుంటున్నారు. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి పారితే ఎరువు వేసినట్టేనని వాళ్ల నమ్మకం. నమ్మకమే కాదు, నిజం కూడా. అవి రాని ఏడు ఊరికి మంచిది కాదంటారు.

మొదటిసారి 2013లో వెళ్లాను. పెళ్లి ఫొటోల మనిషిని గదా, మొహం దగ్గరగా రావాలని ఆశ. చేతిలో ఉన్నది చిన్న లెన్సు. టవరు మీద నుంచి చూస్తే తెల్లచుక్కల్లా కనపడుతున్నాయి. దిగి, తుప్పల్లోంచి గట్టు చివరిదాకా పోయి, ఫ్లాష్ వేశాను. అంతే, ఆ పక్క చెట్టు మీదున్న పెద్దపక్షులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. గూళ్లలో పిల్లలు ఎండకు నోళ్లు తెరుచుకుని అట్లాగే ఉన్నాయి. ఎక్కడి నుంచి వచ్చాయో రెండు కాకులు దిగాయి. నేను చూస్తుండగానే ఒక గూట్లోంచి ఎత్తుకుపోయాయి. గుడ్డో, పసిగుడ్డో, నాకు కనపడలేదు.

కాపలా మనిషి పరుగెత్తుకుంటూ వచ్చాడు. తిడతాడనుకున్నాను. "అమ్మా, మీ ఇళ్లల్లో పురిటిగదిలోకి ఇట్లనే దూరతారా?" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ ఫొటో బాగానే వచ్చింది. ఇప్పటికీ ఎవరికీ చూపించలేదు, చెరిపెయ్యనూ లేదు.

ఆ మరుసటేడు ఆడవాళ్లం వేసుకునే చీటీ పాట పాడి, ఆ డబ్బుకు ఇంకొంత కలిపి పొడుగు లెన్సు కొన్నాను. చీటీ డబ్బు అమ్మాయి గాజులకని దాచింది. మా అత్త నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. దాన్ని బిగిస్తే కెమెరా మూడు కిలోల దాకా తూగుతుంది. భుజం నొప్పికి రోజూ వేణ్ణీళ్ల కాపడం పెట్టుకుంటున్నాను. ఆ లెన్సుతో టవరు మీద నుంచే తల్లిపక్షి ముక్కు కింద సంచీలోకి పిల్ల తల మొత్తం దూర్చి మేత తినడం తియ్యొచ్చు. చూస్తే తల్లి పిల్లను మింగేస్తోందని భయమేస్తుంది. నిజానికి పిల్లే తల్లి గొంతులో నుంచి లాక్కుంటుంది. ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఎదిగే పిల్లలున్నవాళ్లకు ఇది చూడగానే అర్థమవుతుంది!

పక్షుల కాలమూ పెళ్లిళ్ల కాలమూ ఒకదానికొకటి దారి ఇచ్చుకోవడం నా అదృష్టం. డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా ధనుర్మాసం, పెళ్లిళ్లుండవు. సరిగ్గా అప్పుడే గూళ్లలో పిల్లలు పెద్దవవుతుంటాయి, పులికాట్‌లో ఫ్లెమింగోలు దండిగా ఉంటాయి. రాజహంసలంటారు కొందరు. ఇక్కడ గుడ్లు పెట్టవవి, మేతకే వస్తాయి. తల కిందులుగా నీళ్లలో పెట్టి బురదను వడకట్టి తింటాయి. తినేదాంట్లో ఉన్న రంగే ఒంటికి పడుతుంది. పిల్లపక్షులు బూడిదరంగులో ఉంటాయి. "ఆ మురికివి వద్దు, గులాబీవే తియ్యండి" అంటారు కేలండర్లు వేసేవాళ్లు. పిల్లలు మురికిగా ఉండవు, పిల్లల్లాగా ఉంటాయి అని చెప్పి చెప్పి విసిగిపోయాను.

2025 జనవరిలో భోగి, సంక్రాంతి, కనుమ ముగిసి ఊపిరి తిప్పుకునే లోపే పక్షుల పండుగ వచ్చింది. 2001లో మొదలైన ఈ ఫ్లెమింగో ఫెస్టివల్ మధ్యలో కొన్నేళ్లు జరగలేదు. మళ్లీ జనవరి 18 నుంచి 20 దాకా పెట్టారు. ఊరంతా దీపాలు, పాటలు, బస్సుల నిండా బడిపిల్లలు. పక్షుల కోసం అంత గోల ఏమిటని నాకూ అనిపిస్తుంది. కానీ బైనాక్యులర్లోంచి చూసి, "టీచర్, అది నడుస్తుండాది!" అని అరిచిన ఒక పిల్లను చూశాక ఆ మాట పైకి అనడం మానేశాను. ఆ మూడు రోజుల్లో నేను తీసిన మంచి ఫొటో ఆ పిల్లదే, పక్షిది కాదు.

అదే నెల 29న, పొద్దున 6 గంటల 23 నిమిషాలకు శ్రీహరికోట నుంచి నూరో ప్రయోగం, జీఎస్ఎల్వీ. నాలుగు గంటలకే ఫ్లాస్కులో కాఫీ పోసుకుని సరస్సు గట్టున నిలబడ్డాను. మాకు రాకెట్ కొత్త కాదు, కిటికీలు గలగలలాడితే "పోయినట్టుంది" అనుకుని పనిలో పడిపోతాం. అయినా నూరోది. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. వెలుగు ముందొచ్చింది, చప్పుడు తర్వాత వచ్చింది. ఆ మధ్య కొద్ది క్షణాలు నీళ్లన్నీ నారింజరంగులో ఉండి, ఏ శబ్దమూ లేదు. చప్పుడు రాగానే దగ్గర్లోని పక్షులు లేచి, ఒక చుట్టు తిరిగి, మళ్లీ అక్కడే దిగి మేతలో పడ్డాయి. వాటికీ అలవాటయిపోయినట్టుంది.

ఫిబ్రవరి మాఘమాసం. ముహూర్తాల మీద ముహూర్తాలు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి.

పెళ్లికూతురు మా అమ్మాయి ఈడుది. తనే వచ్చి, "అక్కా, నా పెళ్లికి నువ్వే తియ్యాల" అని బుక్ చేసుకుంది. రాత్రి ముహూర్తం. మండపం దగ్గర లైట్లు సర్దుకుంటుంటే పెళ్లికొడుకు తరఫు పెద్దావిడ ఒకామె వచ్చి, గొంతు తగ్గించి, "ఏమనుకోవద్దమ్మా, జీలకర్ర బెల్లం టయానికి, తాళి టయానికి నువ్వు కాస్త పక్కనుండు, మీ కుర్రోడి చేత తీయించు" అంది.

పధ్నాలుగేళ్లలో ఇది మొదటిసారి కాదు. మొదట్లో ప్రతి మూడో పెళ్లిలో ఎవరో ఒకరు అనేవాళ్లు. ఇప్పుడు తగ్గింది. తగ్గింది గనకే ఈసారి ఎక్కువ గుచ్చుకుంది. గొడవ పెట్టుకుంటే ఆ పిల్ల పెళ్లిలో గొడవ. ఊరుకుంటే నా పని నేను పోగొట్టుకున్నట్టు. పైగా మా కుర్రాడు మంచివాడే గానీ, అడ్డుతెర దించే ఒక్క క్షణం ముందు ఫోకస్ చూసుకోవడం మర్చిపోతాడు. ఆ క్షణం మళ్లీ రాదు. తలంబ్రాలంటే ఇంకోసారి పొయ్యమనొచ్చు, అప్పగింతలకు ఏడుపు ఎట్లాగూ ఆగదు. జీలకర్ర బెల్లం అట్లా కాదు, ముహూర్తం ఒక్కటే.

దగ్గరి కెమెరా కుర్రాడికిచ్చాను. కారులోంచి పక్షుల లెన్సు తెచ్చాను. ఆమె చెప్పినట్టే పక్కకు పోయాను... హాలు చివర, భోజనాల గది తలుపు దగ్గరికి. కుర్చీ మీద ఎక్కి, స్తంభానికి భుజం ఆనించి, బిగబట్టి నిలబడ్డాను. మేళం గట్టిగా అందుకుంది. తెర దిగింది. నేలపట్టు టవరు మీద నుంచి తీసినట్టే తీశాను. ఆ పిల్ల చెయ్యి అతని తల మీద ఆనడం, బెల్లం కాస్త చెవి మీదికి జారడం, ఇద్దరూ నవ్వు ఆపుకోవడం. దగ్గరుండి తీస్తే ఆ నవ్వు వచ్చేది కాదేమో. కెమెరా ఎదురుగా ఉంటే జనం మొహాలు బిగుసుకుంటాయి.

ఆల్బం అట్ట మీద ఆ ఫొటోనే వేయించుకున్నారు. ఆ పెద్దావిడ కూడా చూసి, "కుర్రోడు బాగా తీసినాడు" అందట. పెళ్లికూతురు ఫోనుచేసి చెప్పి పడీపడీ నవ్వింది. నాకు సగమే నవ్వొచ్చింది. ఆరోజు నేను పక్కకు వెళ్లకుండా ఉండాల్సిందని మా అమ్మాయి ఇప్పటికీ అంటుంది. "అట్లా దాక్కుని తీస్తే వాళ్లకు ఎప్పుడు తెలుస్తుందమ్మా?" అంటుంది. దానికి నా దగ్గర జవాబు లేదు. మా అత్తేమో, "డబ్బు మొత్తం ఇచ్చినారా?" అని ఒక్కటే అడిగింది. ఇచ్చారు.

అన్నట్టు, ఈ మధ్య పెళ్లికి ముందు షూటింగులు వచ్చాయి గదా, నేలపట్టులో గూళ్లు వెనక కనపడేట్టు తియ్యమని ఒక జంట అడిగారు. పొగబాంబులు కూడా తెస్తామన్నారు! పురిటిగది మాట చెప్పి పంపేశాను. ఆ పెళ్లి వేరేవాళ్లకు పోయింది. పోతే పోయింది.

వేసవి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పులికాట్ మా వైపు ఎండిపోయి ఉప్పుదుమ్ము లేస్తుంది. పక్షులు వెళ్లిపోతాయి. పెళ్లిళ్లు, పుష్పవతి ఫంక్షన్లు, గృహప్రవేశాలు. స్కూళ్లు తెరిచేముందు పాస్‌పోర్టు ఫొటోలకు ఒకప్పుడు వరసలో నిలబడేవాళ్లు, ఇప్పుడు సెల్‌ఫోన్లోనే తీసుకుని ప్రింటు మాత్రం ఇమ్మంటున్నారు.

జూన్ ఆఖరులో ఆషాఢం వచ్చి మళ్లీ పెళ్లిళ్లు ఆగాయి. జూలైలో నెల్లూరు రొట్టెల పండుగకు వెళ్లాను. బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువు. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఇంటి రొట్టె. కోరిక తీరితే మరుసటేడు వచ్చి తాను ఇవ్వాలి. బొట్టు పెట్టుకున్నవాళ్లూ, బురఖాలవాళ్లూ, నాలాంటివాళ్లూ, అందరూ అదే నీళ్లల్లో ముంగాళ్లు తడుపుకుని నిలబడతారు. అక్కడ ఎవరూ ఎవరినీ పక్కకు ఉండమనరు. తలమీద కొంగు, చేతిలో రొట్టె, "పెళ్లి రొట్టె... పెళ్లి రొట్టె..." అని కేకలు. ఫొటోలకు అంతకంటే ఏం కావాలి?

బయల్దేరేటప్పుడు మా అత్త, "పిల్లకు పెళ్లి రొట్టె తీసుకురా మ్మే" అని చెప్పి పంపింది. మా అమ్మాయేమో బస్టాండుకు వచ్చి మరీ, "ఉద్యోగం రొట్టె తేమ్మా, ఇంకోటి తెచ్చావంటే తినను" అంది. డిగ్రీ అయి మూడేళ్లు, పరీక్షలు రాస్తూనే ఉంది.

చెరువులో ఫొటోలు తీసుకుంటుంటే ఒక పెద్దావిడ, "ఏం రొట్టె కావాలమ్మా?" అని అడిగింది. చేతిలో కెమెరా ఉంది, రొట్టె రెండు చేతులా పుచ్చుకోవాలి. "నాకియ్యి, పట్టుకుంటాలే" అని పక్కనున్న బురఖా అమ్మాయి చెయ్యి చాపింది. అంత బరువు లెన్సు ముక్కూమొహం తెలియనివాళ్ల చేతికి, అదీ నీళ్లల్లో ఇచ్చింది నా జన్మలో అదొక్కసారే.

రెండు రొట్టెలూ తీసుకున్నాను. పెళ్లిది మా అత్త చేతికిచ్చాను. రెండోది వంటింట్లో అమ్మాయికి పెట్టాను, అత్త నిద్రపోయాక.