పండుగ బట్టలకు ఆషాఢమునందే యాలోచన



విత్తనము నానబోయుటకు ముందే యెకరమునకు ఎరువెంత, కూలీలెందరు అని లెక్కించుకొను మనము సంక్రాంతి ఖర్చును మాత్రము భోగి ముందటి వారమువరకు తలపెట్టము. ఈ పండుగ చెప్పకుండ వచ్చునది కాదు. ఏటేట జనవరి 14వ తేదీననో 15వ తేదీననో వచ్చుచునే యున్నది. అల్లుడు వచ్చుననియు, ఆడపడుచులకు చీరలు పెట్టవలయుననియు, పాలేళ్లకు బట్టలీయవలయుననియు క్రిందటి యేడే యెరుగుదుము.

ఈ యాలస్యము వలన నష్టము బట్టల యంగడిలో మొదలగుననుకొందురు. కాదు, కళ్లములోనే మొదలగును. సార్వా వడ్లు ఎండకముందే, పండుగకు రొక్కము కావలెనని అమ్మివేయువారిని ప్రతి సంవత్సరమును చూచుచున్నాను. ప్రభుత్వపు కొనుగోలు కేంద్రములో మద్దతు ధర కావలెనన్న తేమ నూటికి 17 పాళ్లకు మించరాదు. అందుకై నాలుగు దినములు ఎండబెట్టు నోపిక లేక కళ్లములోనే వర్తకునకు తూచినచో తరుగు పేరిట కోత పడును. 75 కిలోల బస్తాకు రెండు కిలోలు తీసినను నలువది బస్తాలకు 80 కిలోలు పోయినవి. అనగా ఒక బస్తాకు మించిన ధాన్యము, బట్ట కొనకముందే పండుగ క్రింద ఖర్చయినది!

అప్పు తెచ్చువారి సంగతి వేరు. పండుగకు 20,000 రూపాయలు కావలసెననుకొందము. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి, దాళ్వా ధాన్యము చేతికి వచ్చువరకు నాలుగు నెలలుంచినచో వడ్డీయే 1,600 రూపాయలగును. రైతును ఇట్టి వడ్డీల నుండి తప్పించుటకే 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది. సంఘములో సభ్యులమై యుండియు పండుగ బట్టకు వడ్డీవ్యాపారి గుమ్మమెక్కుట మనకు తగునా?

ఇక కొనదగిన కాల మేది? ఆషాఢములో పెండ్లిండ్లుండవు గావున వర్తకులు సరకు కదలుటకై ధర తగ్గింతురు. అయితే అదే తొలకరి కాలము. దుక్కి, విత్తనము, ఎరువు అన్నియు అప్పుడే కావలెను. బట్ట చౌకగా నున్నప్పుడు రైతు చేతిలో డబ్బుండదు. డబ్బున్నప్పుడు బట్ట చౌకగా నుండదు. ఈ చిక్కునకు నాకు తెలిసిన యుపాయ మొక్కటియే: దాళ్వా ధాన్యము అమ్మిన నాడే పండుగ సొమ్మును విడదీసి సంఘములో జమ కట్టుట. రెండవ పంట లేనివారు పాలడబ్బులో నుండి నెలకు వేయి రూపాయలు వేసినను ఏడాదికి 12,000 అగును. తగ్గింపు పలక చూచి మోసపోవలదు. ధర పెంచి వ్రాసి, దానినే తగ్గించు నంగళ్లును గలవు. అదే రకపు చీర వెల ముందుగా నేత సహకార సంఘములోనో ఆప్కో యంగడిలోనో కనుగొని వెళ్లుడు.

చేనేత బట్ట కావలసినవారికి ఇంకొక మార్గము గలదు. మగ్గమునకు ఒకసారి పడుగు ఎక్కించినచో దానిపై పలు చీరలు దిగును. నలుగురైదుగురు సభ్యులు కూడి, శ్రావణమునందే నేతవారికి చెప్పి, కొంత బయానా యిచ్చినచో, అంచును రంగును కోరి నేయించుకొనవచ్చును. నేతవానికి పని దొరకును, మనకు నడుమ దళారి యుండడు. మంగళగిరి, చీరాల ప్రాంతముల వారికిది మరియు సులభము.

నా సంగతియు దాచను. కొన్నేండ్ల క్రిందట భోగికి ముందునాడు పట్టణమునకు పోయి, జనసమ్మర్దములో నిలువలేక, చూపిన చీరలనే అరువుకు తెచ్చితిని. ఇంటికి వచ్చి చూచుకొనగా పాలేరునకు పంచె మరచితిని. మిగిలిన చిల్లర డబ్బుతో మా యూరిలోనే పలుచని పంచె యొకటి కొని యిచ్చితిని. అతడు కన్నుల కద్దుకొని తీసికొనెను. ఉగాది నాటికే అది మోకాలివద్ద చినిగినది. అతడు కుట్టుకొని కట్టుకొనుచుండెను. నా బావగారి పట్టుపంచె మాత్రము పెట్టెలోనే యుండెను. ఆ యేడు మొదలు పాలేరు పేరే మా జాబితాలో మొదట వ్రాయబడుచున్నది.

ముందుగా కొన్న బట్టను దాచుటయు తెలియవలెను. గంజి యున్న నూలుబట్టను పురుగు కొరకును. గంజి పోవ నుతికి ఆరవేసి, ఎండిన వేపాకు వేసి పెట్టెలో నుంచుడు. జరీ చీరను రెండు మూడు నెలల కొకమారు మడత మార్చుడు, లేనిచో మడతవద్దనే చినుగును. పిల్లల బట్టలు మాత్రము ఆషాఢములో కుట్టింపవద్దు, పుష్యమునకు చాలవు. గుడ్డ కొని యుంచి, మార్గశిరములో కొలత లిప్పింపుడు. పండుగ దగ్గరపడిన పిదప దర్జీ మాట కందడు.

జాబితాకు పెద్ద పుస్తక మక్కరలేదు. ఎవరికి, ఏమి, ఎంతలో, కొన్నదా లేదా అను నాలుగు గీతలు చాలును. మా యింటిలో నా కాగితము విత్తనపు గాదె తలుపునకు లోపలివైపున అంటించి యుండును. ఆ తలుపు తీయక తొలకరి పని సాగదు గదా!