మందు తెచ్చిన గుండు

మీ తరగతిలో ఒక అమ్మాయి మూడు నెలలుగా బడికి రావటం లేదు అనుకోండి. ఆమెకు జబ్బు చేసిందనీ, పట్నంలో పెద్ద ఆసుపత్రిలో వున్నదనీ మాత్రమే అందరికీ తెలుసు. ఒక సోమవారం ఆమె తిరిగి వచ్చింది. రోజూ రిబ్బన్లతో రెండు జడలు వేసుకు వచ్చే పిల్ల ఆనాడు తలకు మెత్తని గుడ్డ చుట్టుకుని వచ్చింది. వెనక బెంచీలోనుంచి ఒక కుర్రవాడు, "ఏం, తిరపతి వెళ్ళి వచ్చావా?" అన్నాడు. నలుగురు నవ్వారు. ఆ పిల్ల ఏమీ అనకుండా వెళ్ళి కిటికీ పక్కన కూర్చున్నది.

ఆ కుర్రవాడు చెడ్డవాడు కాడు. పిల్లల గుండు చూడగానే మనకు మొక్కు జ్ఞాపకం రావటం సహజమే. వాడికి సంగతి తెలియదు, అంతే! ఆ సంగతి మనం తెలుసుకుందాం.

మన తల మీద సుమారు లక్ష వెంట్రుకలు వుంటాయి. ప్రతి వెంట్రుకకూ చర్మంలో ఒక కుదురు వున్నది. కుదురు అడుగున జీవకణాలు ఒకటి రెండుగా, రెండు నాలుగుగా చీలుతూ, పైనున్న వెంట్రుకను కొద్దికొద్దిగా బయటికి నెడుతూ వుంటాయి. అందుచేతనే జుట్టు నెలకు ఇంచుమించు 1 సెంటీమీటరు పెరుగుతుంది. నూరు వెంట్రుకలలో 85కు పైగా ఎప్పుడూ పెరుగుతూనే వుంటాయి. మిగిలినవి విశ్రాంతి తీసుకుని రాలిపోతాయి. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలటం అందరికీ మామూలే.

ఇక క్యాన్సరు అంటే ఏమిటి? శరీరంలో కొన్ని కణాలు అదుపు తప్పి, ఆగకుండా చీలుతూ పోవటమే క్యాన్సరు. ఆ కణాలను చంపటానికి ఇచ్చే మందుల చికిత్సను కీమోథెరపీ అంటారు. ఈ మందులలో చాలావాటికి ఒక గుణం వున్నది. అవి త్వరత్వరగా చీలే కణాలను పట్టుకుంటాయి. కాని మందుకు కళ్ళు లేవు గదా! ఇది చెడ్డ కణం, ఇది మంచి కణం అని అది చూడలేదు. వెంట్రుక కుదుళ్ళలో కణాలు కూడా చాలా త్వరగా చీలుతాయి. అందుచేత క్యాన్సరుతోపాటు వాటికీ దెబ్బ తగులుతుంది. నోరు పూయటం, వాంతులు రావటం కూడా ఇట్లాంటి మందుల వల్లనే. అయితే అన్ని మందులూ జుట్టును రాల్చవు. కొన్ని పలచన చేసి వూరుకుంటాయి.

తిరపతి గుండుకూ దీనికీ తేడా ఇక్కడే వున్నది. అక్కడ కత్తి వెంట్రుకను చర్మం పైన కోస్తుంది. లోపలి కుదురుకు ఆ సంగతే తెలియదు. ఇక్కడ కుదురే పని ఆపేస్తుంది. మందు మొదలుపెట్టిన రెండు మూడు వారాలకు జుట్టు దువ్వెనకూ, దిండుకూ గుప్పెళ్ళుగా వస్తుంది. కనుబొమలు, కనురెప్పల వెంట్రుకలు కూడా పోవచ్చు.

ఇంకొక తేడా నొప్పి. కుదురు చుట్టూ సన్నని నరాల కొసలు వుంటాయి. వెంట్రుక మీద ఈగ వాలినా మనకు తెలిసేది వాటివల్లనే. జుట్టు రాలటానికి కొంచెం ముందూ, రాలే రోజులలోనూ తల చర్మం కందినట్టు అయి, ముట్టుకుంటే మండుతుంది, దురద పెడుతుంది. దిండు మీద తల ఆనించినా బాధే.

"ఇంత బాధ పెట్టే మందు ఎందుకు ఇవ్వాలి?" అని మీరు అడగవచ్చు. దానికి జవాబు తెలియాలంటే మన తెలుగువాని కథ ఒకటి వినాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా వెళ్ళారు. అక్కడ లెడర్లీ పరిశోధనశాలలో ఆయనా, ఆయన తోటివారూ ఫోలిక్ ఆమ్లం అనే విటమినును తయారుచేశారు. కణం చీలటానికి ఆ విటమిను కావాలి. తరువాత వారు దానిని పోలివుండి, దాని పనిని ఆపివేసే మందులు కూడా తయారుచేశారు. 1947లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు వాటిలో ఒకదానిని రక్త క్యాన్సరు వచ్చిన పిల్లలకు ఇచ్చాడు. అంతవరకు ఆ జబ్బు వచ్చిన పిల్లలు కొద్ది నెలలకన్న ఎక్కువ బతికేవారు కారు. ఈ మందుతో కొందరు లేచి తిరిగారు. జబ్బు మళ్ళీ వచ్చిన మాట నిజమే. కాని దానిని మందుతో లొంగదీయవచ్చునని లోకానికి తెలిసింది. ఆ మందుకు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో వున్నది. మన పెరటి బిళ్ళగన్నేరు జాతి మొక్కనుంచి తీసే విన్‌క్రిస్టీన్ మరొకటి. నేడు మంచి చికిత్స అందేచోట, పిల్లలలో ఎక్కువగా కనిపించే రక్త క్యాన్సరు చాలామందికి నయమవుతున్నది. జుట్టు పోవటం అందుకు ఇచ్చే మూల్యం.

ఆ రోజులలో తలను పసిపాప తలలాగా చూసుకోవాలి. జుట్టు రాలకముందే పొట్టిగా కత్తిరించుకుంటే, రాలేటప్పుడు దిగులు కొంత తగ్గుతుంది. కత్తితో గొరిగించరాదు. గాటు పడితే చీము పట్టవచ్చు. కత్తిరించే మిషను మేలు. గోరువెచ్చని నీళ్ళు, పిల్లలకు వాడే ఘాటులేని షాంపూ చాలు. కుంకుడురసం మండిస్తుంది. తువాలుతో రుద్దకుండా మెల్లగా అద్దాలి. పళ్ళు ఎడంగా వున్న దువ్వెన వాడాలి. బిగించి జడ వేయరాదు. దిండుకు మెత్తని గలీబు తొడగాలి. రాత్రి నూలు టోపీ పెట్టుకుంటే రాలిన వెంట్రుకలు కళ్ళలోనూ నోటిలోనూ పడవు. ఎండలోకి పోయేటప్పుడు తల కప్పుకోవాలి.

పెద్దలకు ఒక మాట. ప్రేమకొద్దీ నూనె మర్దనా చేయటం, ఆకుపసరు పట్టించటం డాక్టరును అడగనిదే చేయకండి. తల మీద పొక్కులు, చీము కనిపించినా, జ్వరం వచ్చినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తెలియజేయండి. అద్దం దాచిపెట్టకండి. ముందుగానే పిల్లలకు సంగతి చెప్పండి. తెలిసి పోగొట్టుకోవటంకన్న, తెలియకుండా ఒక ఉదయం దిండు మీద జుట్టు చూసుకోవటం ఎక్కువ బాధ.

కుదురు మామూలుగా చావదు. గట్టి మందులు ఆగిన కొన్ని వారాలకు మళ్ళీ పని మొదలుపెడుతుంది. ముందు నూగులాగా వస్తుంది. కొందరికి ఇదివరకు లేని వుంగరాల జుట్టు వస్తుంది, రంగు కూడా కాస్త మారవచ్చు.

ఇప్పుడు మన తరగతికి వద్దాం. క్యాన్సరు అంటుకునే జబ్బు కాదు. ఆమె పక్కన కూర్చోవచ్చు, ఆడుకోవచ్చు. కాని మీకు జలుబుగాని, జ్వరంగాని వుంటే దూరంగా వుండండి, ఎందుకంటే మీ జబ్బు ఆమెకు అంటితే ప్రమాదం. తల గుడ్డ లాగకండి. సరదాకైనా తల మీద తట్టకండి. జాలిగా చూడవలసిన పని కూడా లేదు. ఆమె రాని మూడు నెలల పాఠాలూ రాసి వుంచిన నోటుపుస్తకం చేతికివ్వండి, అది చాలు.

నెలకు 1 సెంటీమీటరు అంటే ఏడాదికి 12. రిబ్బను కట్టేటంత జడలు మళ్ళీ రావటానికి రెండేళ్ళు పడుతుంది. ఆ రెండేళ్ళూ కిటికీ పక్క బెంచీలో ఆమెను ఒంటరిగా కూర్చోనివ్వకండి.