చిన్న వాల్వు యంత్రమునకు తగిన స్పీకరు

ట్రాన్సిస్టర్లు వచ్చి గాజువాల్వులను మూలకు నెట్టి యెన్నియో యేండ్లయినను, వాల్వుల ఆంప్లిఫయరును తమ చేతులతో ఇంటిలోనే కూర్చుకొను సంగీతప్రియులు నేటికిని గలరు. వాల్వులును రష్యా, చైనా, స్లొవేకియా దేశములలో ఇప్పటికిని తయారగుచున్నవి. ఒకప్పుడు బెంగుళూరిలోని భారత్ ఎలక్ట్రానిక్స్ వారును వీనిని చేసిరి. ఇది మగవారి వేడుక గదా, మనకేల యని సోదరీమణులు తలంపవచ్చును. కాని యా యంత్రము పాడునది మన నట్టింటిలో. దాని పెట్టెలు నిలుచునది మనము ఊడ్చుకొను నేలపై. దాని ఖర్చు వ్రాయబడునది మన సంసారపు పద్దులో. అదిగాక, సన్నని అల్లికపని చేయు చేతికి టంకము పెట్టుట యసాధ్యమని మేము నమ్మజాలము.

ఇంట చేయదగిన చిన్న యంత్రములలో కుడియెడమలకు ఒక్కొక్క శక్తివాల్వు మాత్రమే తఱచుగా నుండును. ఇ.ఎల్. 84 అను వాల్వు సుమారు 5 వాట్లు, 2 ఏ 3 అనునది సుమారు 3½ వాట్లు, పేరుపొందిన 300 బి సుమారు 8 వాట్లు నిచ్చును. అంగడిలో 50, 100 వాట్ల యంత్రములను చూచిన కంటికి ఇవి వెలవెలబోవును. అందుచేత ధ్వని చాలలేదని తోచిన వెంటనే మఱింత పెద్ద యంత్రమును కూర్చుటకు సిద్ధపడుదురు. డబ్బు వ్యర్థమగునది ఇచ్చటనే.

వాట్టనగా ధ్వని కాదు. స్పీకరున కందించు విద్యుచ్ఛక్తి. సామాన్యమైన స్పీకరు తనకందిన శక్తిలో నూటికొక పాలో, అంతకు తక్కువయో మాత్రమే ధ్వనిగా మార్చును. తక్కినదంతయు లోపలి తీగచుట్టలో వేడియై పోవును. ఏ స్పీకరు ఎంత పొదుపైనదో తెలుపుటకు సెన్సిటివిటీ యను కొలత కలదు. 1 వాట్టు శక్తి నిచ్చి, 1 మీటరు దూరమున ధ్వనిని కొలిచి, ఆ యంకెను డెసిబెళ్లలో వ్రాయుదురు. ఈ లెక్క మన కూడికవంటిది కాదు. 3 డెసిబెళ్లు హెచ్చినచో సగము శక్తితోనే అదే ధ్వని వచ్చును. 10 హెచ్చినచో పదియవ వంతు చాలును. పుస్తకముల బీరువాలో నిముడు చిన్న స్పీకరులకు ఈ యంకె తఱచుగా 85, 86 ప్రాంతమున నుండును. 96 గల స్పీకరుతో 3 వాట్లు చేయు పనిని 86 గల దానితో చేయింపవలెనన్న 30 వాట్లు కావలయును. పద్దు వ్రాయ నేర్చిన యిల్లాలికి ఇంతకంటె చెప్పనక్కఱలేదు.

వీణతీగను వట్టి చెక్కపై బిగించి మీటినచో ప్రక్కవారికే సరిగా వినబడదు. పనసకఱ్ఱ కుండ దానికి తోడైనపుడు గదియంతయు వినబడును. మీటిన వ్రేలి బలము మాత్రము మాఱలేదు. పాత గ్రామఫోనులో ధ్వనికి విద్యుత్తే లేదు; సూది కదలికను బాకాయే గాలి కప్పగించెడిది. అమెరికాలో మాటలాడు చిత్రములు వచ్చిన తొలి యేండ్లలో కొలది వాట్ల వాల్వు యంత్రములే పెద్ద పెద్ద ప్రదర్శనశాలలకు చాలినవి. వెస్టరన్ ఎలక్ట్రిక్ వారి బాకా స్పీకరులే అందులకు కారణము. 300 బి వాల్వును ఆ సంస్థవారే 1938లో తెచ్చిరి. పిదప 1954లో ఎడ్గార్ విల్చర్ అను నాయన చిన్న మూసిన పెట్టెలో లోతైన మంద్రమును పలికించు స్పీకరును వెలువఱచెను. అది గొప్ప సౌకర్యమే, కాని వాట్లను విశేషముగా త్రాగును. ట్రాన్సిస్టర్ల వలన వాట్లు చౌకయైన కాలమున ఆ జాతియే వృద్ధి పొందెను. నేటి అంగడిలో మొదట కనబడునదియు నదియే.

మా బంధువర్గములో నొక యువకుడు నాలుగు నెలలు శ్రమించి ఇ.ఎల్. 84 యంత్రమును కూర్చి, దానికి క్రొత్త చిన్న స్పీకరులను తగిలించెను. గాత్రము బాగుగనే వినవచ్చినది. మృదంగము ప్రవేశింపగనే ప్రతి దెబ్బయు నలిగి మొద్దువాఱినది. పాట సగటుధ్వనికి కావలసిన శక్తికంటె మృదంగపు దెబ్బకు క్షణకాలము పదిరెట్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు కావలయును. చిన్న యంత్రము తడబడునది అచ్చటనే. అతడు విసిగి, దీనిని విప్పివేసి 40 వాట్లది కూర్చెదననెను. వంటయింటినుండి అతని తల్లి, "మీ తాతగారి రేడియో వీధి చివఱకు వినబడెడిది గదరా! దానికెన్ని వాట్లు?" అని యడిగెను. అటకమీదినుండి దించి చూడగా ఆ రేడియోలోను అదే జాతి వాల్వే యున్నది. దాని స్పీకరునకు తేలికైన కాగితపు శంకువు, వెనుక "4 ఓములు" అను ముద్ర. రేడియోనుండి దానిని వేఱుచేసి యంత్రమునందలి 4 గుర్తుగల కొనకు కలిపిరి. మంద్రము కొంచెము తక్కువయైనను మృదంగము మృదంగముగా పలికినది. రెండవ యంత్రమునకై దాచిన సొమ్ము 8 అంగుళముల మంచి స్పీకరుల జతకు వెచ్చింపబడెను.

ఇక నా ఓముల సంగతి. వాల్వు ఎక్కువ వోల్టులతో స్వల్పప్రవాహము నిచ్చును. స్పీకరు తక్కువ వోల్టులతో ఎక్కువ ప్రవాహమును కోరును. నడుమ మధ్యవర్తి ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు. అది 25 చుట్లకు 1 చుట్టు చొప్పున చుట్టినదైనచో, 8 ఓముల స్పీకరు వాల్వునకు 5000 ఓములుగా కనబడును. అదే కొనకు 4 ఓములది తగిలించినచో 2500 మాత్రమే కనబడి స్వరము చెడును. అందుకే 4, 8, 16 అని కొనలు వేఱువేఱుగా నుండును. ట్రయోడు వాల్వుల యంత్రమైనచో 8 ఓముల స్పీకరును 4 కొనకు కలిపియు విని చూడవచ్చును. శక్తి కొంత తగ్గును గాని తఱచుగా స్వరము శుభ్రపడును.

స్పీకరుపై 8 అని వ్రాసినంతమాత్రమున అన్ని స్వరములకు 8 కాదు. మంద్రమున ఒకచోట 30 దాటవచ్చును. మఱియొకచోట 4కు దిగవచ్చును. ఫీడ్‌బ్యాక్ లేని వాల్వు యంత్రము ఈ యెగుడుదిగుడుల ననుసరించి కొన్ని స్వరములను హెచ్చించి కొన్నింటిని తగ్గించును. కావున లోపలి క్రాసోవరు సులువైనదియు, ఎచ్చటను 6 ఓములకు దిగువకు పోనిదియు నగు స్పీకరును వెదకవలయును. అమ్మువారు తమంత తాము దీనిని చెప్పరు, అడుగవలసినదే.

చిన్న పెట్టె, లోతైన మంద్రము, తక్కువ శక్తితో పెద్ద ధ్వని, ఈ మూడును ఒక్కచోట దొరకవు. 1946లో వ్యాపారము నారంభించిన పాల్ క్లిప్ష్ గారి మూలస్పీకరు గది గోడలనే బాకాకు కొనసాగింపుగా వాడుకొనును. అయినను అది బీరువాయంత యుండును. బియ్యపు డబ్బాలకే చోటు చాలని యింటిలో అట్టివి తెత్తుమనువారిని వారించుట న్యాయమే. గాత్రము, వీణ, వేణువు వినువారికి మంద్రము కొంత తగ్గినను లోటు తోచదు. గోడకు దగ్గఱగా నుంచినచో కొంత మంద్రమును గోడయే యిచ్చును. చిన్న గదికి 92 డెసిబెళ్ల స్పీకరు చాలునని మా యభిప్రాయము.

పిల్లలున్న యింట గృహిణి తానే చూచుకొనవలసిన జాగ్రత్త యొకటి కలదు. ఈ యంత్రముల లోపల 250 మొదలు 400 వోల్టుల వఱకు నుండును. మీట ఆర్పిన పిదప కూడ కండెన్సర్లలో ఆ శక్తి నిలిచియుండి ప్రాణము తీయగలదు. అడుగుపలక బిగింపక యంత్రమును నడపనీయరాదు. వాల్వులు చేయి కాలునంత వేడెక్కును గనుక పైన జాలీ యుండవలయును. స్పీకరు తీగ ఊడియుండగా యంత్రము నడచినచో ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చును. చీపురు తగిలి ఆ తీగలూడుట సులభము. వానిని గోడవెంబడి బిగింపించి, స్పీకరు మార్చవలసి వచ్చినపుడు ముందుగా మీట ఆర్పించి, వాల్వులు చల్లాఱిన పిదపనే ముట్టనీయవలయును.