ఖాకీ చొక్కా నేర్పిన లెక్క

బ్యాంకు ఉద్యోగానికీ సంగీతానికీ ఏమిటి సంబంధం అని మీరు అడగవచ్చు. ఏమీ లేదనే నేనూ చాలా ఏళ్ళు అనుకున్నాను. అది తప్పని నాకు తెలియజెప్పింది ఒక టీవీ ఇంటర్వ్యూ.

మేముండేది వేలూరు తొరపాడిలో. ఊరి పేరు చెప్పగానే బయటివాళ్ళకు సెంట్రల్ జైలు గుర్తుకొస్తుంది. మాకు మాత్రం అది ఇల్లు. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. ఈ రెంటి మధ్యా పెరిగిన నాకు పదమూడో ఏట, 1980లో, నాన్నగారు 'శంకరాభరణం' చూపించారు. మర్నాటి నుంచీ సంగీతం నేర్చుకుంటానని ఒకటే గొడవ. నాన్నగారు మూడేళ్ళు ఓపికపట్టి, ప్లస్ టూ రాగానే "పాట కూడు పెట్టదురా, ముందు చదువు సంగతి చూడు" అన్నారు. అంతటితో సరి. బి.కాం. అయింది, బ్యాంకు పరీక్ష అయింది, గుడియాత్తం బ్రాంచిలో లుంగీ నేతవాళ్ళ అప్పుల ఫైళ్ళు చూస్తూ కొన్నేళ్ళు గడిచాయి. పాట కూనిరాగంగా మిగిలింది.

అభిమానం మాత్రం తగ్గలేదు. బ్రాంచిలో తమిళ మిత్రులు 'సలంగై ఒలి', 'సిప్పిక్కుళ్ ముత్తు' అంటూ మురిసిపోతుంటే, అవి మా 'సాగర సంగమం', 'స్వాతిముత్యం' అయ్యా, తీసింది మా విశ్వనాథ్ గారు అని దెబ్బలాడేవాణ్ణి. సినిమా తీసింది నేనే అన్నంత గర్వం!

ఇక అసలు సంగతి. మా అమ్మాయి ఎనిమిదేళ్ళు కర్ణాటక సంగీతం నేర్చుకుంది. 2022 జూన్‌లో ప్లస్ టూకి రాగానే క్లాసు మాన్పించాను. "ముందు మార్కులమ్మా, పాట ఎక్కడికీ పోదు" అన్నాను. అది ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. శ్రుతిపెట్టెను తువ్వాలులో చుట్టి తనే అటకమీద పెట్టేసింది. ఇంట్లో సాయంత్రాలు నిశ్శబ్దంగా ఉంటున్నాయని మా ఆవిడ రెండు మూడుసార్లు అన్నది. పరీక్షలైపోనీ అని దాటవేశాను.

2023 ఫిబ్రవరి 2న కళాతపస్వి కె. విశ్వనాథ్ గారు హైదరాబాదులో కన్నుమూశారు. 'శంకరాభరణం' విడుదలైన తేదీ కూడా ఫిబ్రవరి 2 కావడం విచిత్రం. రెండు రోజులకే, 4వ తేదీన, వాణీ జయరాం గారు చెన్నైలో వెళ్ళిపోయారు. ఆవిడ పుట్టింది మన వేలూరులోనే. పద్మభూషణ్ ప్రకటించి అప్పటికి పట్టుమని పదిహేను రోజులైనా కాలేదు.

ఆ ఆదివారం ఒక ఛానెల్‌లో విశ్వనాథ్ గారి పాత ఇంటర్వ్యూ మళ్ళీ వేశారు. పుస్తకం పక్కన పెట్టి అమ్మాయి కూడా వచ్చి కూర్చుంది. సరస్వతీ కటాక్షం గురించీ, తపస్సు గురించీ గంభీరంగా ఏదో చెబుతారని నేను ఎదురుచూశాను. ఆయన పనిగురించి మాట్లాడారు. మద్రాసు వాహినీ స్టూడియోలో సౌండు విభాగంలో ఉద్యోగంతో మొదలుపెట్టిన మనిషి. దర్శకుడయ్యాక సెట్లో ఖాకీ బట్టలే వేసుకునేవారు. అక్కడ లైట్లు మోసేవాడిలాగే తానూ ఒక పనివాణ్ణి అన్న భావంతో!

నాకు కొంచెం నిరాశే కలిగింది. ఇంత పెద్దాయన ఇంత మామూలుగా మాట్లాడతారేమిటి అనుకున్నాను. ఆ రాత్రి నిద్రపట్టలేదు. కామర్సు చదివినవాణ్ణి కదా, జమాఖర్చులు వేసుకోవడం మొదలుపెట్టాను.

శంకరశాస్త్రిగా నటించిన జె.వి. సోమయాజులు గారు రెవెన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టరు. ఆ చిత్రానికి జాతీయ అవార్డు అందుకున్న వాణీ జయరాం గారు సినిమాల్లోకి రాకముందు స్టేట్ బ్యాంకులో ఉద్యోగం చేశారు. మా శాఖవారే! ఇక విశ్వనాథ్ గారు బి.ఎస్సీ. పట్టభద్రులు, నెలజీతం మీద స్టూడియోలో చేరినవారు. వీళ్ళలో ఎవరూ ఉద్యోగం ఒక గదిలో, పాట ఒక గదిలో పెట్టి మధ్య తలుపుకి తాళం వేయలేదు. ఆ తాళం వేసింది మా నాన్నగారు, ఆ తరువాత నేను.

ఇంకొక మాట చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతాను. 'స్వాతికిరణం'లో పేరుప్రఖ్యాతులున్న గురువు, పసివాడి పాట విని ఓర్వలేకపోతాడు. 1992లో వచ్చిన ఆ చిత్రంలో పిల్లవాడికి గొంతునిచ్చింది వాణీ జయరాం గారే. ఆ గురువుని చూసి అప్పట్లో ఎంత తిట్టుకున్నానో! క్లాసు మాన్పించినప్పుడు నా మనసులో ఉన్నది నిజంగా మార్కులేనా? నాకు అందనిది దానికి అందుతుంటే ఎక్కడో ముల్లులా గుచ్చుకుందా? పూర్తిగా కాదని చెప్పలేకపోయాను.

తెల్లవారాక స్టూలు వేసుకుని అటకమీదనుంచి శ్రుతిపెట్టె దించాను. అమ్మాయి కాఫీగ్లాసుతో నిలబడి చూసింది.

"పరీక్షలు నెల్లోకి వచ్చేశాయి నాన్నా."

"తెలుసమ్మా. రోజూ అరగంట. ఆయన ఖాకీ చొక్కా వేసుకుని పనికి వెళ్ళినట్టే అనుకో."

అది నవ్వలేదు. "మీరూ కూర్చుంటారా?" అని అడిగింది.

కూర్చున్నాను. నలభై ఏళ్ళ తరువాత సరళీ వరసలు. నా షడ్జమం ఎటుపోయిందో ఆ భగవంతుడికే తెలియాలి. వంటింట్లోంచి మా ఆవిడ నవ్వు వినిపించింది.

మార్కులు నేను ఆశించినన్ని రాలేదు. లోకం తలకిందులూ కాలేదు. బి.కాం.లో చేరింది, పాట మానలేదు. ఈ అరగంట లెక్క ఏ ఖాతాలో రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు గాని, నష్టం కింద మాత్రం రాయను.

మన పిల్లలు ఇక్కడ మూడు భాషల మధ్య, నూరు పరీక్షల మధ్య పెరుగుతున్నారు. వాళ్ళ మేలు కోరే మనం కొన్నిటిని అటకెక్కిస్తుంటాం. మీ ఇంటి అటకమీద కూడా ఏదైనా ఉందేమో, వచ్చే ఆదివారం స్టూలు వేసుకుని ఒక్కసారి చూడండి.