తమ్ముడు ఫోటోలు చూడొచ్చు, చెరపలేడు: ఎలా?

సింహాచలం అప్పన్న దర్శనం అందరికీ ఉంటుంది. చందనం పూసేది మాత్రం అర్చకులే. ఇంట్లో అందరి ఫైళ్లూ దాచుకోవడానికి రూటర్‌కు తగిలించిన నాస్ పెట్టె పద్ధతీ అంతే. ఇంట్లో ఒక్కొక్కరికీ వేరే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇస్తేనే వచ్చింది ఎవరో దానికి తెలుస్తుంది.

చాలా నాస్‌లలో లోపల నడిచేది లైనక్స్. దాని లెక్క భలే సరదాగా ఉంటుంది: చదవడానికి 4, రాయడానికి 2, ఫోల్డర్‌లోకి వెళ్లడానికి 1. మొత్తం 7. ‘గిరి ప్రదక్షిణ ఫోటోలు’ ఫోల్డర్‌కు 750 పెట్టారనుకోండి. ఫోల్డర్ యజమాని అయిన అక్కకు 7, అంటే అన్ని హక్కులూ; ఇంటి గ్రూపులో ఉన్న తమ్ముడికి 5, అంటే 4+1, చూడటం వరకే; మిగతావాళ్లకు సున్నా. ఫైలు చెరపడం కూడా ఫోల్డర్‌లో రాయడం కిందికే వస్తుంది మరి!

ఇంత పట్టింపు ఎందుకు? నెట్‌వర్క్ ఫోల్డర్‌లో చెరిపిన ఫైలు మామూలుగా మీ కంప్యూటర్ రీసైకిల్ బిన్‌లోకి రాదు. నాస్‌లోనే విడిగా బిన్ ఆన్ చేసి ఉంటే దొరుకుతుంది.