వినే చెవి



బీపీ చూసే ముందు మేము "అయిదు నిమిషాలు ఊరకే కూర్చోండి, చూసేటప్పుడు మాట్లాడవద్దు" అంటాము. కొందరు నొచ్చుకుంటారు. కారణం ఏమంటే, మాట్లాడుతూ ఉంటే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. స్టెతస్కోపు పెట్టిన నర్సు కూడా నోరు మూసుకోవాలి. లేకుంటే ఆ సన్నని చప్పుడు చెవికి అందదు. 1816లో ప్యారిస్ నగరంలో లెనెక్ అనే డాక్టరు కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి రొమ్ముకు ఆనించి విన్నాడు. స్టెతస్కోపు అలా పుట్టింది.

గుండె చప్పుడు వినడం నేను ట్రైనింగులోనే నేర్చుకున్నాను. మనిషి మాట వినడం మాత్రం ఆలస్యంగా నేర్చుకున్నాను.

స్టాఫ్ నర్సుగా ఉన్న రోజుల్లో ఒక రాత్రి డ్యూటీలో చార్టులు రాసుకుంటున్నాను. భార్యకు తోడుగా వార్డులో ఉన్న ఒక పెద్దాయన నా బల్ల దగ్గరికి వచ్చాడు. వానను నమ్మి శెనక్కాయ వేసి, వరుసగా రెండేండ్లు నష్టపోయిన రైతు. "సిస్టరమ్మా, ఇంగ నాతో ఎవురికీ పని లేదు. ఆమె బాగైతే చాలు" అన్నాడు. నేను తల ఎత్తకుండానే, "అట్లనకూడదు పెద్దాయనా, దేవుని మీద భారం వేసి పోయి పడుకోండి" అన్నాను.

చెప్పింది మంచి మాటే. కాని అది ఆయన నోరు మూయించింది. కొన్నాళ్ళకే ఆయనను ఎమర్జెన్సీకి మోసుకొచ్చారు. తన ప్రాణం తానే తీసుకోబోయాడు. దేవుని దయవల్ల బ్రతికాడు. తేరుకున్నాక నాతో, "ఆ పొద్దు నీకు చెప్దామనే వచ్చింటినమ్మా, నువ్వు రాసుకుంటాంటివి" అన్నాడు. ఇన్నేండ్లయినా ఆ మాట నన్ను వదలలేదు.

మొదటి రాజుల గ్రంథము 19వ అధ్యాయము తీసి చూడండి. ఏలీయా ప్రవక్త ఇక బ్రతకలేనని బదరీవృక్షము క్రింద పడుకున్నాడు. దేవుడు వెంటనే గద్దించలేదు, ప్రసంగం చేయలేదు. ముందు నిద్ర పోనిచ్చాడు, రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. హోరేబు కొండ దగ్గర "ఇక్కడ ఏమి చేస్తున్నావు" అని అడిగాడు. ఏలీయా తన బాధంతా చెప్పుకున్నాడు. గాలి, భూకంపము, అగ్ని గడిచిపోయి మెల్లని స్వరము వినబడిన తర్వాత మళ్ళీ అదే ప్రశ్న. ఏలీయా మళ్ళీ అదే జవాబు చెప్పాడు. దేవుడు విసుగుకోకుండా రెండుసార్లూ విన్నాడు. అంతా విన్న తర్వాతనే చేయవలసిన పని చెప్పాడు. మన ఇండ్లలో చెప్పిందే చెప్పే ముసలివారి విషయంలో మనకు ఈ ఓర్పు ఉన్నదా?

ఈ ఓర్పు ఒక్కరోజులో రాదు. కొత్తగా మొదలుపెట్టేవారు ఇలా చేయవచ్చును.

1. తెల్లవారుజామున, ఫోను ముట్టుకోకముందు అయిదు నిమిషాలు కూర్చోండి. మోకాళ్ళ నొప్పులున్నవారు కుర్చీలోనే కూర్చోవచ్చు.

2. ముందు దూరపు శబ్దాలు వినండి: చేలో బోరు మోటారు, రోడ్డు మీద బస్సు. తర్వాత దగ్గరివి: వేపచెట్టు మీద పిట్టలు, వంటింట్లో గిన్నెలు. చివరకు మీ ఊపిరి. ఇది మంచి శబ్దం, ఇది చెడ్డది అని తీర్పు తీర్చవద్దు.

3. మనసు అప్పు మీదికో, బిడ్డ పెండ్లి మీదికో పోతుంది. అది తప్పు కాదు. చేలో పడిన దూడను కొట్టకుండా మళ్ళించినట్లు, మెల్లగా వెనక్కి తెచ్చుకోండి.

4. ఒక వాక్యము నిదానంగా రెండుసార్లు చదివి, ఏమీ అడగకుండా కాసేపు ఊరకుండండి. ప్రార్థన అంటే మనం మాట్లాడటం మాత్రమే కాదు.

5. అదే రోజు ఇంట్లో ఒకరి మాట పది నిమిషాలు వినండి. టీవీ కట్టేయండి. మధ్యలో అడ్డుపడవద్దు, సలహా ఇవ్వవద్దు. వారు ఆపిన తర్వాత, "ఇంకా ఏమైనా ఉందా?" అని అడగండి. అసలు సంగతి చాలాసార్లు ఆ తర్వాతే బయటికి వస్తుంది.

చెవులు సరిగా వినబడనివారికి ఎదురుగా, వెలుతురులో కూర్చుని నిదానంగా మాట్లాడండి. అరవవద్దు. ఊరకే కూర్చుంటే భయం, దిగులు ఎక్కువయ్యేవారు కండ్లు తెరిచి లేచి నడవండి, డాక్టరుకు చెప్పండి. ఈ సాధన మందులకు బదులు కాదు. బీపీ, షుగరు మాత్రలు ఆపవద్దు.

ఒక ముఖ్యమైన మాట. ఎవరైనా "నేనుండి ఏం లాభం" అంటే తేలికగా తీసుకోవద్దు. "చనిపోవాలని అనిపిస్తోందా?" అని నెమ్మదిగా, సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుట్టదు, లోపలి బరువు తగ్గుతుంది. వారిని ఒంటరిగా వదలవద్దు. ఇంట్లో ఉన్న పురుగుమందును వారికి అందకుండా తాళం వేయండి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు రాత్రిపగలు ఎప్పుడైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఆ పెద్దాయన తర్వాత కూడా చూపించుకోవడానికి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా నేను పెన్ను కింద పెట్టి, "కూర్చో పెద్దాయనా, చెప్పు" అనేదాన్ని. కొన్నిసార్లు వాన సంగతి తప్ప ఏమీ చెప్పేవాడు కాదు. అయినా పోయేటప్పుడు ఆయన ముఖం తేటగా ఉండేది.

రేపు తెల్లవారి అయిదు నిమిషాలతో మొదలుపెట్టండి. ప్రభువు మనకందరికి వినే చెవిని దయచేయును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్