బండి అరుస్తోంది... కదలడం లేదు!

కుందుర్పిలో ఆషాఢం గాలి వీచిందంటే ఎర్రమట్టి ఇంట్లోకీ వస్తుంది, అన్నంలోకీ వస్తుంది. ఇక వాకిట్లో నిలబెట్టిన స్కూటర్‌ను వదులుతుందా? సీటు మీద పడ్డ దుమ్మును తుండుగుడ్డతో దులిపేస్తాం. మరి ఎడమవైపు పెద్ద మూత లోపలికి చేరిన దుమ్ము మాటేమిటి? వేరుశెనగ విత్తనాల సంచి ముందు పెట్టుకుని, ఇల్లాలిని వెనక కూర్చోబెట్టుకుని కళ్యాణదుర్గం బయల్దేరినప్పుడు, ఎత్తు రాగానే దాని సంగతి తెలుస్తుంది. యాక్సిలరేటర్ తిప్పితే ఇంజన్ అరుస్తుంది. బండి మాత్రం నత్తలా పాకుతుంది.

చాలాసార్లు దీనికి కారణం పొడి క్లచ్చు. గేర్లే లేని బండికి క్లచ్చేమిటి అంటారా? 1984లో వచ్చిన కైనెటిక్ హోండాలోనూ ఉంది, 2001లో వచ్చిన యాక్టివాలోనూ ఉంది. చేతికి లివర్ లేదు, అంతే! వెనక చక్రం దగ్గర గిన్నెలాంటి డ్రమ్ము, దాని లోపల క్లచ్ షూలు ఉంటాయి. ఇంజన్ వేగం పెరిగితే షూలు విచ్చుకుని డ్రమ్మును పట్టుకుంటాయి, బండి కదులుతుంది. వేగం తగ్గగానే స్ప్రింగులు వాటిని వెనక్కి లాగేస్తాయి. నూనె చుక్క లేకుండా జరిగే పని ఇది. వేడి తగ్గడానికి ఫ్యాను బయటి గాలిని లోపలికి లాగుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లాలో ఆ గాలితోపాటు ఏమి వస్తుందో వేరే చెప్పాలా?

పొడి క్లచ్చు పేదవాళ్ల బండ్లకే పరిమితమనుకోకండి. ఒకప్పటి డుకాటి సూపర్‌బైకుల గలగల శబ్దం దానిదే. బీఎండబ్ల్యూ తన బాక్సర్ బైకును తడి క్లచ్చుకు మార్చడం మొదలుపెట్టింది 2013లో.

కదిలేటప్పుడు బండి వణికితే షూల మీద దుమ్ము పేరుకుందని, లేదా అవి అద్దంలా నునుపెక్కాయని అనుమానించాలి. నిలబెట్టినా ముందుకు తోసుకుపోతుంటే ఐడ్లింగ్ ఎక్కువైనా ఉండాలి, స్ప్రింగైనా తెగి ఉండాలి. మాడు వాసన వస్తే ఆపి చల్లారనివ్వాలి. అరుపు తప్ప లాగుడు లేకపోతే బెల్టునూ చూడాలి. అరిగిన బెల్టు చేసే తప్పు క్లచ్చు మీద పడటం మామూలే!

మూత విప్పాక నోటితో ఊదడం చాలామందికి అలవాటు. అది మానాలి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, తడిగుడ్డతో మెల్లగా తుడవడం మేలు. నునుపెక్కిన షూలను సన్నని గరుకు కాగితంతో తేలిగ్గా రుద్దితే చాలు. నూనె, గ్రీజు, కిరోసిన్ మాత్రం దగ్గరికి రానీయకూడదు. షూల మీద నూనె మరక కనిపిస్తే ఎక్కడో సీలు కారుతోందన్నమాట. ముందు సీలు మార్చకుండా కొత్త షూలు వేస్తే డబ్బు దండగే. షూలు అరిగితే అన్నీ ఒకేసారి మార్చాలి. డ్రమ్ము నీలిరంగు తిరిగిందంటే బాగా కాలిందని అర్థం.

గేరు బండ్లలో ఎక్కువ వాటికి క్లచ్చు నూనెలోనే మునిగి ఉంటుంది. అక్కడ దుమ్ము గొడవ తక్కువ. కారు నూనె పోయకుండా, డబ్బా మీద జాసో ఎంఏ అని ఉన్నది చూసుకుంటే చాలావరకు నిశ్చింతే. లివర్‌కు కాస్త వదులు ఉంచాలి, దాని మీద వేళ్లు ఆనించి నడపకూడదు.

స్కూటర్‌ను ఎత్తు మీద ఆపాల్సి వస్తే బ్రేకు పట్టుకోవాలి. కొందరు యాక్సిలరేటర్‌ను కొద్దిగా తిప్పి బండిని అక్కడే నిలబెడతారు. ఆ కాసేపూ షూలు డ్రమ్మును సగం పట్టి, సగం జారి కాలిపోతుంటాయి. సంచులు రెండున్నప్పుడు ఒకటి దించి రెండో విడతలో తెచ్చుకోవడమే చవక.

ఇక మూత బిగించేటప్పుడు బోల్టులు లెక్కపెట్టుకోండి. ఒకటి మిగిలిందా... మళ్లీ మొదటినుంచీ చూడాల్సిందే!